విజయనగరం – అరకు – పాడేరు – లంబసింగి: సైకిల్ మీద మూడు రోజుల్లో అవుతుందా?

మందుల షాపు బాబాయ్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. నాకు 43. విజయనగరంలో మందుల షాపు. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పది దాకా స్టూలు మీదే కూర్చుంటాను. రెండేళ్ళ కిందట షుగర్ బార్డర్‌లో ఉందని రిపోర్టు వచ్చాక సైకిల్ కొన్నాను. 21 గేర్ల హైబ్రిడ్, ముందూ వెనకా రిమ్ము పట్టుకునే బ్రేకులు. తెల్లవారుజామున ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చి షాపు తీస్తాను. ఆదివారం ఓపికుంటే భీమిలి మీదుగా వైజాగ్ వెళ్ళి, ఆనందపురం మీదుగా ఇంటికొస్తాను. అది నూట పది దాకా అవుతుంది. అలా ఇప్పటికి ఏడెనిమిది సార్లు తిరిగాను, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటున్నాను.

ఇప్పుడు డిసెంబర్ రెండో వారంలో మన్యం తిరగాలని ఉంది. నేనూ, మా మేనల్లుడూ. వాడికి 19, ఇంజనీరింగ్, డిస్క్ బ్రేకుల ఎమ్‌టీబీ (కొండదారుల సైకిల్) ఉంది, కాళ్ళలో స్ప్రింగులున్నాయి. ప్లాన్ ఇదీ. మొదటి రోజు విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు, సుమారు వంద కిలోమీటర్లు. రెండో రోజు అరకు నుంచి పాడేరు, జి.మాడుగుల మీదుగా లంబసింగి, అది కూడా వందకి దగ్గరే. మూడో రోజు ఘాటీ దిగి నర్సీపట్నం, అక్కణ్ణుంచి హైవే పట్టుకుని వైజాగ్. లగేజీ వెనక క్యారేజీ మీద కట్టుకుంటాం, ఎనిమిది కిలోలు దాటనివ్వం.

కిలోమీటర్ల ప్రకారం చూస్తే మొదటి రెండు రోజులూ నా ఆదివారం తొక్కుడు కంటే తక్కువే. అయినా ఎక్కడో తేడా కొడుతోంది. ఎవరైనా వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి. షాపు మూడు రోజులకే మా బావమరిదికి అప్పజెప్పగలను, నాలుగో రోజు అంటే వాడు ముఖం మాడ్చుకుంటాడు.

రాయల్ రాజు

సూపర్ రూట్ బ్రో. బండి ఎన్ని సీసీ? 350 అయితే రెండు రోజులు చాలు. గాలికొండ దగ్గర ఫోటోలు మాత్రం మిస్ అవ్వొద్దు.

మందుల షాపు బాబాయ్

రాజు గారూ, సీసీలు లేవండీ. ఉన్నవి రెండు మోకాళ్ళు, అందులో కుడిది కాస్త తేడా.

అనకాపల్లి మాస్టారు

బాబాయ్ గారూ, మీ ప్లాన్‌లో కిలోమీటర్లన్నీ ఉన్నాయి, మీటర్లు ఒక్కటీ లేవు. తేడా కొట్టేది అక్కడే.

నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. 2018 డిసెంబర్‌లో, మీకంటే ఎనిమిదేళ్ళు పెద్ద వయసులో, ఇదే దారిని మీలాగే మూడు రోజుల్లో కానిచ్చేద్దామని బయల్దేరాను. మూడు రోజుల్లో ఇంటికి వచ్చాను కూడా, కాకపోతే కొంత దారి జీపు మీద. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు మొదటి రోజు సంగతి.

ఎస్.కోట దాకా రోడ్డు అరచెయ్యిలా ఉంటుంది. బొడ్డవర దాటాక కొండ మొదలు. అక్కణ్ణుంచి టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ దాకా వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కుతారు. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికంటే ఎత్తయిన స్టేషన్‌గా చాలాకాలం పేరున్న శిమిలిగూడ ఈ కొండల్లోనే ఉంది, 996 మీటర్లు. రైలు సొరంగాల్లోంచి దూరిపోయి ఆ ఎత్తుకు చేరుతుంది. మనకి సొరంగాల్లేవు, మలుపులే.

లోడుతో ఘాటీలో మీ స్పీడు గంటకి ఏడు, ఎనిమిది. ఆగే టైము కలిపితే ఆరే అనుకోండి. మీ సైకిల్ పెడల్ దగ్గరి పళ్ళ చక్రాల్లో చిన్నదానికి ఎన్ని పళ్ళున్నాయో, వెనక పెద్దదానికి ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పండి. ఇలాంటి సైకిళ్ళకి చాలావాటికి ముందు 28, వెనక 28 ఉంటాయి. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా సరిగ్గా ఒక చుట్టే, రెండు మీటర్ల పైన ముందుకెళ్తారు. నిమిషానికి అరవై చుట్లు తొక్కగలిగితేనే ఏడున్నర స్పీడు. తొక్కలేక నలభైకి పడిపోయారా, మోకాలి మీద బరువు పడుతుంది. మీ కుడి మోకాలు అక్కడే నోరు తెరుస్తుంది. వెనక 34 పళ్ళది వేయించుకోండి. మీ గేరు మార్చే డీరెయిలర్ అంత పెద్దదాన్ని మోస్తుందో లేదో షాపులో అడగండి, చైన్ కూడా నాలుగు లింకులు పొడుగు కావాలి. ఈ ప్రయాణానికి మీరు పెట్టే ఖర్చులో ఇంతకంటే గిట్టుబాటు అయ్యేది ఇంకోటి లేదు.

మొదటి రోజు అరకు చేరడం అసాధ్యం కాదు. తెల్లవారి అయిదుకి బయల్దేరితే సాయంత్రం నాలుగు, అయిదుకి చేరతారు. కానీ డిసెంబర్‌లో అయిదున్నరకే పొద్దు గూకుతుంది, కొండ నీడ పడే చోట ఇంకా ముందే. పైగా మర్నాడు వంద కిలోమీటర్లు పెట్టారు. అరకు నుంచి లంబసింగి దాకా పీఠభూమి, సమతలంగా ఉంటుందని మ్యాపు చూసి అనుకున్నాను నేను. ఉండదు. గెడ్డ (వాగు) దగ్గరకి దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, ఇంకో గెడ్డకి దిగుతుంది. రోజంతా అదే పని. పెద్ద ఘాటీ అయితే మనసు సిద్ధంగా ఉంటుంది, గేరు తగ్గించి కూర్చుంటాం. ఈ చిన్న మిట్టలు చిల్లర అప్పుల్లాంటివి, ఒక్కొక్కటీ లెక్కలోకి రాదు, సాయంత్రానికి జేబు ఖాళీ.

నా మాట వింటే మొదటి రాత్రి టైడాలోనో అనంతగిరిలోనో ఆగండి, టూరిజం వాళ్ళ బసలున్నాయి. రెండో రోజు అరకు మీదుగా పాడేరు. మూడో రోజు లంబసింగి, యాభై చుట్టుపక్కల, మధ్యాహ్నానికే చేరి కాళ్ళు చాపుకోండి. నాలుగో రోజు పొద్దున్న మంచు విడిచాక ఘాటీ దిగి నర్సీపట్నం. అక్కడితో ఆపేయండి. నర్సీపట్నం నుంచి వైజాగ్ తొంభై కిలోమీటర్లు, అందులో చాలా భాగం లారీల పక్కన తొక్కడమే. అది ఎవరికోసం? బావమరిదికి ఒక స్వీట్ బాక్సు ఎక్కువ ఇవ్వండి.

ఇప్పుడు జీపు కథ. లంబసింగి చేరేసరికే నాకు మూడున్నర అయింది. అక్కడే పడుకోవాలి. కానీ గది చెప్పింది నర్సీపట్నంలో, అడ్వాన్సు కూడా ఇచ్చాను. దిగుడే కదా, ముప్పై కిలోమీటర్లు, గంటన్నర చాలనుకున్నాను. ఎక్కేటప్పుడు ఒళ్ళంతా చెమట, దిగేటప్పుడు ఆ చెమట మీద చలిగాలి. పది నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారిపోయాయి. వేళ్ళు వంగకపోతే బ్రేకు నొక్కి వదలడం కుదరదు, అలా పట్టుకునే ఉంటాం. నేనూ అలాగే పట్టుకుని దిగాను.

క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో ఆ లెక్క. నేనూ సైకిలూ సామానూ కలిపి 95 కిలోలు. ఎనిమిది వందల మీటర్లు దిగితే పోయే శక్తి ఏడు లక్షల జౌళ్ళ పైన. రెండు లీటర్ల నీళ్ళని మరిగించడానికి సరిపోయేంత వేడి. కొంత గాలి పట్టుకుపోతుంది, మిగిలిందంతా నాలుగు రబ్బరు ముక్కలు, రెండు రిమ్ములు తాగాలి. బోర్డు మీద రాసినవాడికి రోడ్డు మీద గుర్తు రాలేదు. కాలిన రబ్బరు వాసన వస్తుంటే ముందు పోతున్న లారీది అనుకున్నాను. ఆపి వెనక రిమ్మును వేలితో ముట్టుకుని చూశాను. చూపుడు వేలు బొబ్బెక్కింది. అలా నిలబడి వేలు ఊదుకుంటుండగానే వెనక టైరు బుస్సుమంది. ట్యూబుకి పాత అతుకులు రెండున్నాయి, వేడికి ఒకటి ఊడిపోయింది. మలుపులో మీదుండగా కాక, ఆగి ఉన్నప్పుడు ఊడింది, అది నా అదృష్టం. కొత్త ట్యూబు ఉంది నా దగ్గర, పంపూ ఉంది. చీకటి పడే వేళ చలికి వణికే వేళ్ళతో టైరు ఊడదియ్యలేకపోయాను, అంతే. కాఫీ బస్తాలతో వెళ్తున్న జీపువాళ్ళు ఆపి, సైకిల్ని బస్తాల మీద కట్టి, నన్ను టాపు మీద కూర్చోబెట్టారు. డబ్బులిస్తే డ్రైవరు తీసుకోలేదు. "టీ తాగించండి మాస్టారూ" అన్నాడు. నేను మాస్టారునని ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలీదు.

కాబట్టి వెనక చక్రానికి అతుకు లేని ట్యూబు, నాలుగు కొత్త బ్రేక్ రబ్బర్లు, జేబులో ఇంకో జత. మలుపులోకి దిగాక కాదు, మలుపు రాకముందే స్పీడు తగ్గించాలి. గట్టిగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాలి, ఊరికే రాసుకుంటూ దిగకూడదు. రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగండి. రిమ్ము వేడి చూడాలంటే వేలు పెట్టకండి, రెండు చుక్కల నీళ్ళు వెయ్యండి. చుయ్‌మంటే ఇంకో పది నిమిషాలు కూర్చోండి. చొక్కా లోపల గుండెకి అడ్డంగా ఒక న్యూస్ పేపరు పెట్టుకోండి, చలికి అంతకంటే తేలికైన కోటు లేదు. చేతులకి పూర్తి వేళ్ళ గ్లోవ్స్.

ఆగినప్పుడు ఇంకో సంగతి గుర్తు చేసుకోండి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఈ రోడ్డు వేసింది గిరిజనులే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వాళ్ళచేత చాలీచాలని కూలికి పని చేయించాడు. ఆ కడుపుమంట మన్యం తిరుగుబాటు కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. కొండదారిలో కాలినడకన, మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మనం గేర్లు పెట్టుకుని ఆయాసపడుతున్నాం.

మందుల షాపు బాబాయ్

మాస్టారూ, మీ పోస్టు మా మేనల్లుడికి చదివి వినిపించాను. "మావయ్యా, యూట్యూబ్‌లో ఒకాయన ఒక్కరోజులో అరకు వెళ్ళి వచ్చేశాడు" అన్నాడు. ఆయన ఎవరో వాళ్ళ మావయ్యతో వెళ్ళి ఉండడు అన్నాను.

పళ్ళు లెక్కపెట్టాను. మీరు చెప్పినట్టే 28, 28. గురువారం షాపులో ఇచ్చేస్తున్నాను.

మందుల విషయం నేను చూసుకుంటాను కాబట్టి దాని గురించి ఎవరూ కంగారు పడకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం పది పెడుతున్నా. చలిలో దాహం తెలీదు, అందుకే చాలామంది తాగరు, సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. ఇది షాపుకి వచ్చే వాళ్ళకి రోజూ చెప్పే మాటే. తిండి, నీళ్ళు, సిగ్నల్ సంగతి తెలిసినవాళ్ళు చెబుతారా? అలాగే పాడేరుకి చోడవరం, మాడుగుల వైపు నుంచి ఎక్కితే దగ్గర కదా అని మావాడి ఇంకో సలహా.

హుకుంపేట టీచర్

నేను ఇక్కడ ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. అరకు, పాడేరు మధ్య రోడ్డు మా బడి పక్కనుంచే పోతుంది, మీరు మా ముందు నుంచే వెళ్తారు.

పాడేరు ఘాటీ దగ్గరే, కానీ నిటారు. గరికబంద దాటిన దగ్గర్నుంచి ఊపిరి తీసుకోనివ్వదు. మోదకొండమ్మ పాదాల దగ్గర బస్సులు కూడా ఆగి దండం పెట్టుకుని వెళ్తాయి. మొదటిసారికి అనంతగిరి వైపే మంచిది, పొడుగైనా నిదానంగా ఎక్కుతుంది.

మాస్టారు గారు రోడ్డు పనుల గురించి చెప్పలేదు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారి వెడల్పు పనులు కొన్నేళ్ళుగా ముక్కలు ముక్కలుగా సాగుతున్నాయి. కొన్నిచోట్ల అద్దంలా ఉంటుంది. తవ్విపోసిన చోట ఎర్రమట్టి, కంకర. సన్న టైర్లతో వస్తే అక్కడ దిగి నడిపించుకోండి, పరువేమీ పోదు. వాన పడితే ఆ మట్టి బ్రేకుల్లోకీ మడ్‌గార్డుల్లోకీ బంకలా పట్టేస్తుంది. డిసెంబర్ మొదట్లో బంగాళాఖాతంలో ఏదైనా పుడుతోందా అని చూసుకుని బయల్దేరండి. తుపాను వెళ్ళిన వెంటనే రావద్దు. వాన ఆగినా కొండచరియ రెండు రోజుల తర్వాత కూడా జారుతుంది.

వారం మధ్యలో రండి. శని, ఆదివారాల్లో వంజంగి, లంబసింగి మబ్బులు చూడ్డానికి తెల్లవారుజామున మూడింటి నుంచే కార్లు. మంచులో ఎదర బండి కనపడదు, వాళ్ళకి నిద్ర కళ్ళు. పొద్దున్న ఎనిమిదింటికి ముందు రోడ్డెక్కకండి, ఎక్కినా వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి. సాయంత్రం పూట గొడ్లు ఇళ్ళకి మళ్ళుతాయి, రోడ్డు వాటిదే. లైట్లు లేని జీపులు కూడా ఉంటాయి.

తిండికి ఇబ్బంది లేదు, కాకపోతే టైముంది. హోటళ్ళలో పదకొండు దాటితే టిఫిను అయిపోతుంది, భోజనం ఒంటిగంటకి గానీ ఉడకదు. ఆ మధ్యలో పడితే బిస్కెట్లే. దారిలో ఎక్కడైనా చోడి (రాగి) అంబలి దొరికితే తాగండి, రెండు గంటలు నిలబెడుతుంది. బొంగులో చికెన్ రాత్రికి ఉంచుకోండి. తిని ఎక్కితే ఆ కారం మిట్ట మధ్యలో మాట్లాడుతుంది. గాలికొండ, డముకు దగ్గర కోతులతో జాగ్రత్త, క్యారేజీ మీద ప్లాస్టిక్ కవరు కనిపిస్తే అది వాటికే అనుకుంటాయి.

గెడ్డ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగకండి, పైన ఊళ్ళుంటాయి. బోరు నీళ్ళు పట్టుకోండి. సిగ్నల్ ఊళ్ళ దగ్గర వస్తుంది, మధ్యలో పోతుంది. మ్యాపు ముందే ఫోన్లో దింపుకోండి, ఎన్నింటికి ఎక్కడికి చేరతారో ఇంట్లో రాసి పెట్టి రండి. ఆసుపత్రులు అరకు, పాడేరు, చింతపల్లి, నర్సీపట్నంలో ఉన్నాయి.

ఇంకొకటి. కిందికి దిగేటప్పుడు చెక్‌పోస్టులో బ్యాగులు విప్పమంటారు. గంజాయి కోసం అందరినీ చూస్తారు, సైకిల్ మీద పెద్ద బ్యాగులతో వచ్చేవాళ్ళని ఇంకాస్త వింతగా చూస్తారు. ఆధార్ పైన పెట్టుకోండి. మందుల షాపాయన కాబట్టి చెబుతున్నాను, మాత్రలు విడి కవర్లలో కాకుండా స్ట్రిప్పులతోనే తెచ్చుకోండి. దారిలో ఎవరైనా "ఈ బ్యాగు నర్సీపట్నంలో మా వాడికి ఇచ్చెయ్యండి" అంటే తీసుకోవద్దు, ఎంత ముసలివాళ్ళు అడిగినా సరే.

కాఫీ పళ్ళు కోసే కాలం మీరు వచ్చేది. సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆడవాళ్ళు బుట్టలు కట్టుకుని కోస్తుంటారు. ఫోటో తీసే ముందు ఒక మాట అడగండి. అడిగితే చాలామంది నవ్వుతూ నిలబడతారు, అడక్కుండా తీస్తే ముఖం తిప్పుకుంటారు.

రాయల్ రాజు

టీచర్ గారూ, మేం బండ్ల మీద వచ్చినప్పుడు ఇవేవీ కనపళ్ళేదండీ. నిజంగానే అడుగుతున్నా, సైకిల్ గేర్లకి ఎంతవుతుంది?

అనకాపల్లి మాస్టారు

టీచర్ గారికి నమస్కారం. రోడ్డు పనుల సంగతి నేను 2018 నాటి కళ్ళతో రాశాను, మీరు దిద్దినందుకు సంతోషం.

బాబాయ్ గారూ, బయల్దేరే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఎనిమిది కిలోలు కట్టుకుని సింహాచలం కొండ రోడ్డు రెండుసార్లు ఎక్కి దిగండి. ఒకసారి కాదు, రెండు. మొదటిసారి ఉత్సాహం ఎక్కిస్తుంది, రెండోసారే అసలు లెక్క.

మందుల షాపు బాబాయ్

ఆదివారం వెళ్ళొచ్చాం. ఇంట్లోంచి ఎనిమిది కిలోల సోనామసూరి రెండు సంచుల్లో పోసి క్యారేజీకి అటూ ఇటూ కట్టాను. మా ఆవిడ "స్వామికి మొక్కా?" అంది.

మొదటిసారి ఎక్కడం బాగానే ఎక్కాను, ఒకచోట ఆగాను. 34 పళ్ళ చక్రం పుణ్యం, మోకాలు కిక్కురుమనలేదు. అయితే పెద్ద గేరులో చైన్ రెండుసార్లు జారింది, మళ్ళీ సెట్ చేయించాలి. దిగేటప్పుడు మాస్టారు చెప్పినట్టు ఆగి నీళ్ళ చుక్కలు వేశాను. చుయ్ అనలేదు కానీ ఆవిరి లేచింది. ఇంత చిన్న కొండకే.

రెండోసారి సగం దాటాక మావాడు ఆగిపోయాడు. నేను కాదు, వాడు. మొదటిసారి లేచి నిలబడి తొక్కుతూ, పైన నాకోసం ఎదురు చూసి, వీడియో కూడా తీశాడు. రెండోసారికి పిక్క పట్టేసి గట్టు మీద కూర్చుని, "మావయ్యా, ఓఆర్ఎస్ ఉందా?" అన్నాడు. నాలుగు రోజుల ప్లాన్‌కి ఒప్పుకున్నాడు.

సంచి ఒకటి కింద కొంచెం చిరిగింది. కొండ దిగాక చూస్తే అర కిలో బియ్యం తక్కువ. బావమరిదికి ఇంకా చెప్పలేదు. మంగళవారం బయల్దేరి శుక్రవారం నర్సీపట్నం. అక్కణ్ణుంచి సైకిళ్ళని బస్సులో వేసుకోనిస్తారా, లేక తుని వెళ్ళి రైల్లో బుక్ చెయ్యాలా, ఈమధ్య ఎవరైనా తెచ్చుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.